600 కిలోమీటర్ల రాడార్, 140 సెకన్లు

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. పచ్చరంగు లారీ మీద నిలబెట్టిన పెద్ద పలక, దాని చుట్టూ ఎర్రటి వలయాలు, కింద లావుపాటి అక్షరాల్లో "600 కిలోమీటర్ల దూరంలోనే పసిగడుతుంది, ఈగ కూడా దూరలేదు" అని. మా బావమరిది మూడు జెండాలు, నాలుగు చప్పట్లు పెట్టాడు. మా పిన్ని కొడుకు "ఇంక క్రూయిజ్ మిస్సైళ్ళ పని అయిపోయినట్టే" అన్నాడు. నేనొక జవాబు మొదలుపెట్టి, నాలుగు లైన్లు రాసి, చెరిపేశాను. ఇంటి గ్రూపులో భూమి వంపు మీద పాఠం చెప్తే పెళ్ళి పందిట్లో ఇన్‌కమ్ టాక్స్ లెక్కలు తీసినట్టుంటుంది. అక్కడ చెరిపింది ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది.

ముందే ఒక మాట. ఆ 600 అంకె అబద్ధమేమీ కాదు. ఆకాశంలో వచ్చేవాటిని కూల్చడానికి రష్యా దగ్గర మనం కొన్న ఎస్-400 వ్యవస్థతో పాటు వచ్చే పెద్ద నిఘా రాడార్‌కి ఆ అంకే చెప్తారు. దానికున్న బలం అంత. కాకపోతే భూమి వంపు అడ్డొస్తుంది కాబట్టి, 600 కిలోమీటర్ల అవతల ఉన్న వస్తువు నేల మీది రాడార్‌కి కనిపించాలంటే, అది దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున ఎగరాలి. మనం ఎక్కే విమానాలు ఎగిరే ఎత్తుకి ఇది రెట్టింపు. చిన్న విమానంలా నేలబారున వచ్చే క్రూయిజ్ మిస్సైల్ ఎగిరేది తాటిచెట్టు ఎత్తుకి కాస్త పైన. ఈ రెండు ఎత్తుల మధ్య తేడాలోనే కథంతా ఉంది. ఆ ఫార్వర్డ్ చేసిన వాళ్ళకి కాదు గానీ, టీవీలో చర్చలు పెట్టేవాళ్ళకి మాత్రం ఈ సంగతి తెలిసి ఉండాలి.

టవరెక్కిన రోజులు

నేను రాడార్ మనిషిని కాను. పాతికేళ్ళ కిందట శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర మైక్రోవేవ్ లింకులు వేసే పని చేశాను. ఫోన్ టవర్ల మధ్య ఎదురెదురుగా గుండ్రటి డిష్షులు చూసి ఉంటారు, అవి. ఆ రెండు డిష్షులూ ఒకదాన్నొకటి చూసుకోవాలి. మధ్యలో ఏదీ అడ్డు రాకూడదు. ఉందో లేదో తేల్చుకోడానికి ఒకడు ఒక టవరెక్కి అద్దంతో ఎండని అటు కొట్టేవాడు. రెండో టవర్ మీద ఉన్నవాడికి ఆ మెరుపు కనిపిస్తే లింకు పనిచేస్తుందని లెక్క. లక్షలు పోసి కొన్న పరికరాల కన్నా ఆ పది రూపాయల అద్దాన్ని ఎక్కువ నమ్మేవాళ్ళం.

ఒకసారి సముద్రం పక్కన ఒక లింకు గాలి వీచినప్పుడల్లా తెగిపోవడం మొదలైంది. నెల రోజులు డిష్షు తిప్పాం, కేబుల్ మార్చాం, పవర్ పెంచాం. చివరికి తేలిందేమిటంటే, లింకు వేసేనాటికి నడుమెత్తున ఉన్న సరుగుడు తోట ఒకటి ఏపుగా పెరిగి దారికి అడ్డం వచ్చింది. గాలికి ఊగినప్పుడు కొనలు తగులుతున్నాయి. రైతుని బతిమాలితే "ఇంకో రెండేళ్ళకి నరుకుతానండి, అప్పటిదాకా మీరే ఏదో చూసుకోండి" అన్నాడు. యాంటెన్నా ఆరు మీటర్లు పైకి జరిపాం. అంతే, బాగైపోయింది. పవర్ పెంచినందువల్ల పైసా ఉపయోగం లేకపోయింది.

అప్పుడు నేర్చుకున్న లెక్కే రాడార్‌కీ వర్తిస్తుంది. ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి, 4.12తో హెచ్చవేస్తే ఎంత దూరం చూపు ఆనుతుందో కిలోమీటర్లలో వస్తుంది. చూసేదానికీ, చూడబడేదానికీ విడివిడిగా కట్టి కలపాలి. గాలి రేడియో తరంగాల్ని కాస్త కిందికి వంచుతుంది కాబట్టి కంటిచూపు కంటే ఇది కొంచెం ఎక్కువే. విశాఖ బీచ్‌లో కూర్చుంటే కనుమరుగైన పడవ, కైలాసగిరి ఎక్కితే మళ్ళీ కనిపిస్తుంది కదా. మన కళ్ళేమీ మారలేదు, నిలబడ్డ చోటు మారింది.

లారీ మీది యాంటెన్నా 10 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. దాని వాటా 13 కిలోమీటర్లు. మిస్సైల్ 30 మీటర్ల ఎత్తున వస్తోంది, దాని వాటా 22 కిలోమీటర్ల చిల్లర. మొత్తం కలిపితే 35 కిలోమీటర్ల పైచిలుకు. రాడార్ బలం పదింతలు చేసినా ఈ అంకె ఒక్క మీటరు కూడా పెరగదు. స్తంభాన్ని నాలుగింతలు చేసి 40 మీటర్లకి లేపితే 13 కిలోమీటర్లు పెరుగుతుంది. రష్యావాళ్ళు తమ ఎస్-300, ఎస్-400 రాడార్ల కోసం 24 మీటర్లవీ, 39 మీటర్లవీ మడిచే టవర్లు విడిగా తయారుచేశారు. 600 కిలోమీటర్లు చూసే యంత్రానికి నిచ్చెన ఎందుకు అవసరమైంది అని ఎవరైనా అడిగితే, వాట్సాప్ ఫార్వర్డ్ అక్కడే ఆగిపోవాలి.

ఇప్పుడు ఆ 35 కిలోమీటర్లని కాలంలోకి మార్చి చూడండి. మిస్సైల్ గంటకి 900 కిలోమీటర్లు, అంటే సెకనుకి 250 మీటర్లు. చేతిలో ఉన్నది 140 సెకన్లు. చుట్టూ తిరిగే రాడార్ ఒక చుట్టుకి పది సెకన్లు తీసుకుంటే, మొదటిసారి మెరిసింది పక్షి కావచ్చు, హైవే మీద లారీ కావచ్చు. వరసగా మూడుసార్లు మెరిస్తేనే ఏదో వస్తోందని రాడార్ ఒప్పుకుంటుంది. అరనిమిషం అయిపోయింది. అది ఎవరిది? మనదా? పై వాళ్ళకి ఫోన్ కొట్టాలి, వాళ్ళు ఇంకొకరిని అడగాలి. ఆ తర్వాత అడ్డుకునే మిస్సైల్ బయల్దేరాలి. హైదరాబాద్‌లో తయారయ్యే మన ఆకాశ్ ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో పోతుంది. పదిహేను కిలోమీటర్ల అవతల ఎదుర్కోవాలన్నా ఇరవై సెకన్ల దాకా పడుతుంది. సాధ్యమే. కానీ ఇదంతా నేల బల్లపరుపుగా ఉండి, సరుగుడు తోట లేకుండా, తెర ముందున్నవాడు టీ తాగడానికి లేవకుండా ఉంటేనే.

కొండ వెనక, వీపు వెనక

2017 ఏప్రిల్ 7న అమెరికా యుద్ధనౌకలు రెండు మధ్యధరా సముద్రం నుంచి సిరియాలోని షైరాత్ వైమానిక స్థావరం మీదికి 59 టోమాహాక్ క్రూయిజ్ మిస్సైళ్ళు వదిలాయి. తీరంలో హ్మైమిమ్ దగ్గర రష్యా ఎస్-400 ఉంది. ఒక్కటంటే ఒక్కటీ కొట్టలేదు. మర్నాటి నుంచి ఎస్-400 ఉత్త డబ్బా అని ఒక వర్గం, రష్యా కావాలనే వదిలేసిందని ఇంకో వర్గం కొట్టుకున్నారు. అమెరికా ముందుగా రష్యాకి కబురు పెట్టిన మాట నిజమే, కాబట్టి రష్యా మనసులో ఏముందో అనేది వేరే కథ. కానీ మ్యాప్ తీసి చూస్తే ఈ కొట్లాటే అనవసరం అనిపిస్తుంది. హ్మైమిమ్‌కీ షైరాత్‌కీ మధ్య 130 కిలోమీటర్ల పైనే దూరం. నడుమ తీరం వెంబడి కొండల వరస. ఆ కొండల అవతల నేలబారున పోయేదాన్ని హ్మైమిమ్‌లో కూర్చున్న ఏ రాడారూ చూడలేదు.

సౌదీ అరేబియా కథలో కొండ లేదు, వీపు ఉంది. 2019 సెప్టెంబరు 14 తెల్లవారుజామున అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్రూయిజ్ మిస్సైళ్ళు పడ్డాయి. రోజుకి 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి, దేశం తీసేదాంట్లో దాదాపు సగం, ఆగిపోయింది. తర్వాత సౌదీ అధికారులు శకలాలు బల్లల మీద పరిచి, 18 డ్రోన్లు, 7 క్రూయిజ్ మిస్సైళ్ళు అని లెక్క చెప్పి, ఉత్తరం నుంచి వచ్చాయన్నారు. ఏళ్ళ తరబడి వాళ్ళ భయమంతా దక్షిణాన ఉన్న యెమెన్ గురించే. వాళ్ళని కాపాడాల్సిన అమెరికా తయారీ పేట్రియట్ మిస్సైల్ వ్యవస్థ రాడార్ నిలబెట్టిన దిక్కున సుమారు 120 డిగ్రీల మేర చూస్తుంది, చుట్టూ తిరగదు. వేల కోట్ల కాపలాదారుడు వీధి గుమ్మం దగ్గర నిలబడితే దొంగ పెరటి గోడ దూకాడు. గల్ఫ్‌లో మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆ వారం దమ్మాంలో పనిచేసే మా కజిన్‌తో మాట్లాడితే వాడి ప్రశ్న ఒక్కటే: "ఇంత డబ్బున్న దేశానికే ఇలాగైతే ఎలా అన్నయ్యా?" డబ్బుతో కొనలేనిది ఒకటుంది, అదేమిటో అప్పుడు నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పోలాండ్ సంఘటన. 2022 డిసెంబరు 16న ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేస్తున్న సమయంలో ఒక ఖ-55 మిస్సైల్ దారి తప్పి పోలాండ్‌లోకి వెళ్ళి, వందల కిలోమీటర్లు లోపలికి ప్రయాణించి, బిద్‌గోష్ నగరం దగ్గర అడవిలో కూలింది. రాడార్లు దాన్ని కాసేపు చూశాయి, తర్వాత పోగొట్టుకున్నాయి. నాలుగు నెలల తర్వాత, ఏప్రిల్లో, గుర్రం మీద షికారుకి వెళ్ళిన ఒక మహిళకి చెట్ల మధ్య ఏవో ఇనప ముక్కలు కనిపించాయి. అప్పుడు బయటపడింది. నాటో దేశం, పక్కనే యుద్ధం, అందరూ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తున్న రోజులు. దొరికింది మాత్రం గుర్రపు స్వారీలో.

మరి ఉక్రెయిన్ ఎలా కూల్చుతోంది?

ఇక్కడ న్యాయంగా ఎదురు ప్రశ్న ఒకటుంది. ఇంత గుడ్డిదైతే, ఉక్రెయిన్ మూడేళ్ళకి పైగా అన్ని క్రూయిజ్ మిస్సైళ్ళని ఎలా కూలుస్తోంది? వాళ్ళు చెప్పే సంఖ్యల్లో కొంత తగ్గించుకున్నా, కూలినవి చాలానే అన్నది నిజం. కూల్చింది రాడార్ సాయంతోనే అన్నదీ నిజం. నా వాదనలో ఇది పెద్ద చిల్లే, ఒప్పుకుంటాను.

కాకపోతే ఆ రాడార్లని అటు తిప్పమని ముందుగా చెప్తున్నది ఎవరో చూడాలి. ఉక్రెయిన్‌లో స్తంభాల మీద మైకులు, మామూలు ఫోన్లు కట్టి, ఆకాశంలో మోతని వింటున్నారు. పదివేలకి దగ్గర్లో ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగైదు వందల డాలర్లు. ముఖ్యంగా రష్యా వదిలే షాహెద్ డ్రోన్ల కోసం పెట్టారు, కానీ క్రూయిజ్ మిస్సైల్ జెట్ ఇంజన్ మోత కూడా వినిపిస్తుంది. ఇది కాక జనం ఫోన్లలో ఒక యాప్ ఉంది. డాబా మీద ఆవకాయ ముక్కలు ఎండబెట్టుకునే మన పెద్దమ్మలాంటావిడ తల మీంచి మిస్సైల్ పోతుంటే, ఫోన్‌ని అటు చూపించి ఒక బటన్ నొక్కుతుంది. ఆ కబురు అందుకుని 2022 అక్టోబరులోనే భుజం మీంచి పేల్చే ఒక చిన్న మిస్సైల్‌తో కాలిబర్ క్రూయిజ్ మిస్సైల్‌ని కూల్చారు. అలా ముందు కబురు అందితే, గురి చూసే రాడార్‌కి 140 సెకన్లు కాకుండా పది, పదిహేను నిమిషాలు మిగులుతాయి. అప్పుడు దాని బలం అక్కరకొస్తుంది.

ఇదేం కొత్త తెలివి కాదు. క్రూయిజ్ మిస్సైల్‌కి తాతలాంటి జర్మన్ వి-1 బాంబు 1944 జూన్ 13న మొదటిసారి ఇంగ్లండ్ తీరం దాటినప్పుడు, కబురు చెప్పింది కెంట్ తీరాన దుర్భిణులు పట్టుకుని నిలబడ్డ పరిశీలకులు. గన్నులు అప్పుడు లోపలి భూభాగంలో ఉండేవి. కొండలూ చెట్లూ రాడార్ తెర మీద మెరుస్తూ అడ్డుపడేవి. జూలై మధ్యలో గన్నులన్నిటినీ పెకలించి సముద్రపు ఒడ్డుకి మార్చారు. కొత్త రాడార్లు, లక్ష్యం దగ్గరికి చేరగానే గుండుని పేల్చే కొత్త ఫ్యూజులు కూడా వచ్చాయి, ఆ ఘనత వాటిది వాటికివ్వాలి. కానీ ఎదుట నీళ్ళు తప్ప ఏమీ లేకపోవడం ఆ రాడార్లకి దొరికిన పెద్ద వరం. ఆగస్టు చివరికొచ్చేసరికి గన్నుల పరిధిలోకి వచ్చిన ప్రతి నాలుగింట్లో మూడింటిని నేలకూలుస్తున్నారు. అవే రాడార్లు, అవే గన్నులు లోపలి కొండల మధ్యే ఉండిపోతే ఆ లెక్క వచ్చేదా? నాకు అనుమానమే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నేల మీది రాడార్‌ని దాని దూరంతో కొలవడం మానేయాలి. కబురు వచ్చాక తెర ముందున్న మనిషికి ఎన్ని సెకన్లు మిగులుస్తుంది అన్నదే దాని అసలు విలువ. ఆ సెకన్లు పెరిగేది పలక సైజుతో కాదు. ఎత్తుతో పెరుగుతాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వంద చిన్న కళ్ళతో పెరుగుతాయి. మే 2025 తర్వాత మన దగ్గర ఎస్-400 ఫొటోలు కుప్పలుగా తిరిగాయి. సైన్యం, వైమానిక దళం రాడార్లని ఒకే చిత్రంలోకి తెచ్చే ఆకాశ్‌తీర్ గురించి కూడా రెండ్రోజులు మాట్లాడారు, తర్వాత మర్చిపోయారు. నన్నడిగితే జెండాలూ చప్పట్లూ దానికి పెట్టాలి. కానీ దాన్ని ఫొటో తీస్తే కనిపించేది కంప్యూటర్లే. వాట్సాప్‌లో కంప్యూటర్ ఫొటో ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

బెలూను తెగిపోయిన రోజు

ఎత్తే పరిష్కారమైతే ఎత్తుకే పోదాం అనొచ్చు. లెక్క చూస్తే నోరూరుతుంది. తాడు కట్టిన బెలూనులో రాడార్ పెట్టి 3,000 మీటర్లకి లేపితే, అదే 30 మీటర్ల మిస్సైల్ 35కి బదులు 250 కిలోమీటర్ల దగ్గర్లో కనిపిస్తుంది. విస్తీర్ణంలో చూస్తే నేల మీది రాడార్లు దాదాపు యాభై చేసే పని ఒక్క బెలూను చేస్తుంది. కార్గిల్ తర్వాత మన వైమానిక దళం ఇజ్రాయెల్ నుంచి ఇలాంటి ఏరోస్టాట్లు తెచ్చుకుంది.

అమెరికా కూడా ఇదే ఆలోచనతో జెలెన్స్ అని ఒకటి కట్టింది. ఖర్చు 270 కోట్ల డాలర్లు. వాషింగ్టన్‌ని క్రూయిజ్ మిస్సైళ్ళ నుంచి కాపాడాలని మేరీలాండ్‌లో పెట్టారు. 2015 ఏప్రిల్లో ఒక పోస్ట్‌మన్ చిన్న గైరోకాప్టర్‌లో వచ్చి నేరుగా పార్లమెంటు భవనం ముందు గడ్డిలో దిగాడు. ఆ రోజు బెలూను పనిచేయడం లేదట. అదే ఏడాది అక్టోబరు 28న దాని తాడు తెగింది. రెండు కిలోమీటర్ల తాడుని ఈడ్చుకుంటూ పెన్సిల్వేనియా దాకా కొట్టుకుపోయి, దారిలో కరెంటు తీగలు తెంపి, వేల ఇళ్ళలో చీకటి చేసి, చివరికి చెట్లలో చిక్కుకుంది. గాలి తీయడానికి పోలీసులు తుపాకులతో కాల్చారు. ఆ ప్రాజెక్టు మళ్ళీ లేవలేదు.

నవ్వొస్తుంది గానీ, టవర్ల మీద గడిపినవాడిగా నాకు పూర్తిగా నవ్వు రాలేదు. ఎత్తున పెట్టిన ప్రతిదానికీ గాలే యజమాని. తుఫాను వస్తుంటే బెలూను దింపేయాలి, దింపిన రోజు గుడ్డితనమే. విమానంలో రాడార్ పెడితే బాగా చూస్తుంది, కానీ ఇరవై నాలుగ్గంటలూ, అన్ని దిక్కులా ఎగరేయాలంటే ఎన్ని కావాలి? మన దగ్గర అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. వేసవి రాత్రుళ్ళు సముద్రం మీద గాలి పొరలు పేరుకుని రేడియో తరంగాల్ని గొట్టంలో పోసినట్టు మోసుకెళ్తాయి. మా లింకులకి అలా ఎక్కడెక్కడి సిగ్నళ్ళో వచ్చి పడేవి. రాడార్లకీ ఒక్కోసారి హద్దు దాటి కనిపిస్తుంది. ఆ అదృష్టాన్ని టెండర్లో రాసుకోలేం.

అందుకని నేల మీది రాడార్‌ని పాతసామాన్ల కొట్టుకి పంపమని నేననడం లేదు. అది తప్పనిసరి. చివరి గురి దానిదే. రేడియో దీపం వెలిగించి కూర్చుంటుంది కాబట్టి ముందు దెబ్బా దానికే. 2023 ఆగస్టు 23న క్రైమియా పడమటి కొసన ఒక ఎస్-400 బ్యాటరీ, అంటే మిస్సైళ్ళు పేల్చే దళం, పేలిపోయింది. పైన ఉక్రెయిన్ డ్రోను తాపీగా వీడియో తీస్తోంది. 600 కిలోమీటర్లు చూసేది నెత్తి మీది డ్రోనుని ఆపలేకపోయింది.

రాని మిస్సైల్

ఇప్పటిదాకా రాసింది ఇంజనీరింగ్. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించింది దాని గురించి కాదు.

2020 జనవరి 8. ఇరాక్‌లో అమెరికా సైనికులున్న స్థావరాల మీద ఇరాన్ మిస్సైళ్ళు వేసి కొన్ని గంటలైంది. ప్రతీకారంగా అమెరికా క్రూయిజ్ మిస్సైళ్ళు ఏ క్షణమైనా వస్తాయని టెహరాన్ చుట్టూ ఉన్న బ్యాటరీలన్నీ టెన్షన్‌లో ఉన్నాయి. ఉదయం ఆరుంపావు ప్రాంతంలో కీవ్ వెళ్ళే ఉక్రెయిన్ ప్రయాణికుల విమానం లేచింది. టోర్ అనే విమాన విధ్వంసక మిస్సైల్ బ్యాటరీ ఆపరేటర్ ఒకడు దాన్ని క్రూయిజ్ మిస్సైల్ అనుకున్నాడు. పై వాళ్ళని అడగడానికి ప్రయత్నించాడు, లైను కలవలేదు. నిర్ణయానికి పది సెకన్లే ఉన్నాయని తర్వాత ఇరాన్ కమాండర్ టీవీలో చెప్పాడు. అర నిమిషం తేడాలో రెండు మిస్సైళ్ళు. 176 మంది. ఆ బ్యాటరీని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడు ఉత్తరం దిక్కుని సరిచేయకపోవడం వల్ల 107 డిగ్రీల తేడా వచ్చిందని ఇరాన్ విచారణ తేల్చింది.

ఆ విమానం నేలబారున ఎగరడం లేదు. వేల అడుగుల ఎత్తున, ఇంకా పైకి పోతోంది. క్రూయిజ్ మిస్సైల్ లక్షణం ఒక్కటీ లేదు. నేలబారున ఉన్నది ఆపరేటర్ భయం. "అది కనిపించిందంటే ఇక టైం లేదు" అని శిక్షణలో తలకెక్కించిన భయం. రాని మిస్సైల్ కూడా ఇలా చంపగలదని నాకు ఆ రోజే తెలిసింది.

దూరదేశం అనుకోనక్కర్లేదు. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ మర్నాడు, శ్రీనగర్ పక్కన బుద్గాంలో మన మిస్సైలే మన ఎంఐ-17 హెలికాప్టర్ని కూల్చింది. వైమానిక దళం వాళ్ళు ఆరుగురు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పిదమని అదే ఏడాది అక్టోబరులో వైమానిక దళాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. రాడార్ బాగానే చూసింది. చూసింది ఏమిటన్నదే తెలుసుకోలేకపోయారు.

దీనికి తిరగేసిన కథ 2022 మార్చి 9న జరిగింది. మన వైపు నుంచి పొరపాటున ఒక బ్రహ్మోస్ క్రూయిజ్ మిస్సైల్ లేచి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. అది నేలబారున పోలేదు. 40 వేల అడుగుల ఎత్తున పోయింది. కాబట్టి వాళ్ళ రాడార్లకి ఇంకా మన భూభాగంలో ఉండగానే కనిపించింది. తమ గగనతలంలో 3 నిమిషాల 44 సెకన్లు ఉందనీ, 124 కిలోమీటర్లు వచ్చిందనీ వాళ్ళే లెక్క చెప్పారు. అంతా చూశారు, ఏమీ చేయలేదు. ఆపలేకపోయారా, ఆగారా అని చాలామంది వెక్కిరించారు. నేను మాత్రం ఆ 3 నిమిషాల 44 సెకన్లలో ఎవరో ఒకరు అరచేతులు చెమట పట్టి, బటన్ మీది నుంచి చెయ్యి తీసి ఉంటారని అనుకుంటాను. రుజువు లేదు, నా ఊహే. అదే మిస్సైల్ 30 మీటర్ల ఎత్తున వచ్చి, అరనిమిషం ముందు కనిపించి ఉంటే ఆ సాయంత్రం ఎటు పోయేదో ఊహించుకోడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు.

ఈ మాటలకి నా మిత్రుడొకడు, సాఫ్ట్‌వేర్ వాడు, వెంటనే మందు చెప్పాడు: "మనిషిని తీసేయ్ గురూ, మెషిన్‌కి పది సెకన్లంటే పది సంవత్సరాలు." 2003లో ఇరాక్ యుద్ధంలో పేట్రియట్ చాలావరకు ఆటోమేటిక్‌గా నడిచింది. బ్రిటిష్ టోర్నడో విమానాన్ని శత్రు మిస్సైల్ అని తేల్చి ఇద్దరిని చంపింది. పది రోజుల తర్వాత అమెరికా నేవీ హార్నెట్ యుద్ధవిమానాన్ని కూల్చింది. అదే వారంలో ఇరాక్ వదిలిన పాతకాలపు క్రూయిజ్ మిస్సైల్ ఒకటి నేలబారున వచ్చి కువైట్ నగరంలో ఒక షాపింగ్ మాల్ దగ్గర పేలింది. దాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. మిత్రుడికి ఇది చెప్తే "అది పాత సాఫ్ట్‌వేర్" అన్నాడు. కావచ్చు. నా దగ్గర దానికి జవాబు లేదు. వేల మైకులు, వేల ఫోన్లు కలిపితే కబుర్లు ఎన్ని వస్తాయో తప్పుడు కబుర్లూ అన్నే వస్తాయి కదా అన్న అనుమానం నా వాదన మీద నాకే ఉంది. కానీ తప్పుడు కబురుని సరిచూసుకోడానికీ సమయమే కావాలి. అందుకే మళ్ళీ అక్కడికే వస్తున్నాను.

పెదనాన్న పోస్టు

మా పెదనాన్న 1971లో వైమానిక దళంలో కుర్ర ఎయిర్‌మన్. రాడార్లు చూడలేని నేలబారు విమానాల కోసం అప్పట్లో పడమటి సరిహద్దు పొడుగునా పరిశీలన పోస్టులు పెట్టేవారు. ముగ్గురో నలుగురో మనుషులు, ఒక వైర్‌లెస్ సెట్టు, దుర్భిణి. విమానం కనిపించినా వినిపించినా, ఎన్ని, ఎటు నుంచి ఎటు, ఎంత ఎత్తున అని చెప్పడమే పని. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఫోన్లు కట్టిన స్తంభాలు ఏం చేస్తున్నాయో, ఆయన అదే చేశారు.

ఈ వ్యాసం సగం రాశాక విజయనగరం వెళ్ళి ఆయన్ని అడిగాను. ఆ ఫార్వర్డ్ ఆయనా చూశారు. "బాగుందిరా బొమ్మ" అన్నారు.

"మీరెప్పుడైనా నిజంగా చూశారా పెదనాన్నా, కిందగా వచ్చేవి?"

ఒక సాయంత్రం, చీకటి పడే వేళ, పడమర నుంచి రెండు వచ్చాయిట. మోత ముందు రాలేదు. నెత్తి మీదికి వచ్చాక అన్నీ కలిపి ఒకేసారి వచ్చాయి. సెట్టులో "రెండు, పడమర నుంచి తూర్పు, చాలా కింద" అని చెప్పారు. అటు నుంచి అడిగారు, మనవా, వాళ్ళవా?

"ఏం చెప్పారు?"

"తెలీదు సార్ అన్నాను. ఇంకేం చెప్తాను? దుమ్ములో రెక్క కూడా సరిగ్గా కనపళ్ళేదు."

రాత్రికి తెలిసిందిట, అవి మనవే, దాడి చేసి తిరిగొస్తున్నాయి. ఆ పోస్టులో గన్ ఉండి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

"మా పోస్టుకి గన్ ఇవ్వలేదు కదరా" అని, లోపలికి తిరిగి, కాఫీ అయిందా అని పెద్దమ్మని కేకేశారు.